రెండు గొట్టాలకూ అందని చోటు

నోటి నుంచి వేసిన గొట్టం అన్నవాహిక, జీర్ణాశయం దాటి ఆంత్రమూలం దాకా వెళ్లి ఆగిపోతుంది. కింది నుంచి వేసిన గొట్టం పెద్దపేగు పొడవునా ఎక్కి, మహా అయితే చిన్నపేగు చివర కాస్త మేర తొంగిచూసి వెనక్కి వస్తుంది. మధ్యలో మీటర్ల కొద్దీ చిన్నపేగు మిగిలిపోతుంది. జీర్ణనాళంలో రక్తం పోయేవాళ్లలో ఎక్కువమందికి కారణం ఈ రెండు గొట్టాల పరిధిలోనే దొరుకుతుంది. జీర్ణాశయంలో పుండో, కాలేయం చెడి ఉబ్బిన సిరలో, మొలలో, పెద్దపేగులో కణితో బయటపడుతుంది. నూటికి ఐదుగురి దాకా మాత్రం ఏమీ దొరకనివాళ్లు మిగులుతారు. రెండు రిపోర్టుల్లోనూ 'నార్మల్' అనే ఉంటుంది. మనిషి మాత్రం పాలిపోతూనే ఉంటాడు.

వీళ్లలో చాలామంది కథ ఒకే దారిలో నడుస్తుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ ఆరో, ఏడో. రక్తం ఎక్కిస్తారు, ఐరన్ మాత్రలు రాస్తారు. రెండు మూడు నెలలు బాగానే ఉంటుంది, తర్వాత మళ్లీ మొదటికొస్తుంది. ఇంట్లోవాళ్లు తిండి మీద పడతారు. దానిమ్మ కాయలు, బీట్‌రూట్ రసం, ఖర్జూరాలు వరస కడతాయి. తిండిలో లోపం లేదని, లోపల ఎక్కడో కారిపోతోందని తేలడానికి కొందరికి ఏళ్లు పడుతుంది.

అంతకాలం అది ఎలా దాగుతుందో తెలియాలంటే ఇనుము లెక్క చూడాలి. ఒక మిల్లీలీటరు రక్తంలో సుమారు అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది. మామూలు తిండి నుంచి పేగు రోజుకు పీల్చుకునేది ఒకటి రెండు మిల్లీగ్రాములే, అది శరీరపు రోజువారీ ఖర్చుకే సరిపోతుంది. రోజుకు ఒకటి రెండు చెంచాల రక్తం, అంటే 5 నుంచి 10 మిల్లీలీటర్లు పోతే చాలు, రాబడికి మించిన ఖర్చు మొదలవుతుంది. మలం తారులా నల్లగా మారాలంటే ఒక్కసారిగా కనీసం 50 మిల్లీలీటర్లయినా పోవాలి. కాబట్టి మనిషిని నెలల తరబడి కుంగదీసేంత రక్తం కంటికి ఏ ఆనవాలూ ఇవ్వకుండా వెళ్లిపోగలదు. పైగా ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్ల మలం ఎలాగూ నల్లగానే ఉంటుంది. ఒకవేళ ఆనవాలు కనిపించినా, మందు ప్రభావమని కొట్టిపారేస్తాం.

పాతరోజుల్లో ఆ మధ్య భాగాన్ని చూడటానికి వైద్యుల దగ్గర ఉన్నవన్నీ అరకొర సాధనాలే. బేరియం తాగించి ఎక్స్‌రే తీస్తే పేగు ఆకారం కనిపించేది, కానీ లోపలి పొరలో గోడకు అతుక్కుని ఉన్న ఎర్రమచ్చ కనిపించేది కాదు. ఎర్రకణాలకు రేడియోధార్మిక పదార్థం అంటించి స్కాన్ చేస్తే 'ఈ చుట్టుపక్కల ఎక్కడో' అనేంత వరకే తెలిసేది. మరింత పొడవైన గొట్టాన్ని నోటినుంచి బలవంతంగా తోస్తే చిన్నపేగు మొదటి భాగం కొంత కనిపించేది. ఏదీ ఫలించకపోతే ఆఖరికి ఆపరేషన్ బల్ల. పొట్ట కోసి, సర్జన్ తన చేతులతో పేగును కొంచెం కొంచెంగా గొట్టం మీదికి ఎక్కిస్తుంటే, ఎండోస్కోపీ వైద్యుడు లోపలి నుంచి చూస్తూ పోయేవాడు. వెతకడానికే పొట్ట కోయాల్సి వచ్చేది.

ఈ చిక్కును విప్పినవాడు వైద్యుడు కాదు. గావ్రియెల్ ఇడాన్ ఇజ్రాయెల్ రక్షణ పరిశోధన సంస్థ రఫాయెల్‌లో ఇంజనీరు. క్షిపణి ముక్కున కూర్చుని లక్ష్యాన్ని చూసే 'కన్ను' తయారీ ఆయన విద్య. 1981లో సెలవు మీద బోస్టన్‌లో ఉన్నప్పుడు ఏతాన్ స్కాపా అనే జీర్ణకోశ వైద్యుడు ఆయనకు పొరుగువాడయ్యాడు. ఎండోస్కోపీ గొట్టం ఎంత దూరం పోతుంది, ఎక్కడ ఆగుతుంది, రోగిని ఎంత ఇబ్బంది పెడుతుంది అన్నది స్కాపా చెబుతుంటే ఇంజనీరుకు గొట్టమే అనవసరమనిపించింది. క్షిపణి కన్ను తాను చూసింది తీగ లేకుండానే చేరవేస్తుంది కదా, పేగులో అది ఎందుకు కుదరదు?

ఎందుకు కుదరదో ఆ కాలంలో ఇట్టే తేలిపోయింది. అప్పటి వీడియో కెమెరాల్లోని సీసీడీ చిప్పుకు కరెంటు ఆకలి ఎక్కువ. మింగగలిగేంత చిన్న బ్యాటరీ దాన్ని నిమిషాలపాటే నడపగలదు, చిన్నపేగు దాటడానికి గంటలు పడుతుంది. ఆలోచన పదేళ్లకు పైగా అటకెక్కింది. 1990ల తొలినాళ్లలో అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీలో ఎరిక్ ఫోసమ్ బృందం, వ్యోమనౌకల కెమెరాలను చిన్నవిగా, తక్కువ కరెంటుతో నడిచేవిగా చేయాలని మరో రకం చిప్పు రూపొందించింది. సీమాస్ చిప్పు అనే ఆ రకమే ఇవాళ మన ఫోన్లలో ఉన్నది. గ్రహాలను ఫొటో తీయడానికి పుట్టిన చిప్పు, క్షిపణి ఇంజనీరు చేతిలో పడి పేగు దారి పట్టింది.

చిప్పు ఒక్కటే అయితే సరిపోయేది కాదు. నా దృష్టిలో ఇడాన్ అసలు తెలివి ఇంకోచోట ఉంది. ఎండోస్కోపీ అంటే అప్పటిదాకా వైద్యుడు రోగి పక్కనే ఉండి, జరుగుతున్నది జరుగుతుండగానే చూడటం. ఎనిమిది గంటలు ఏ వైద్యుడు కూర్చుంటాడు? అందుకని పనిని మూడు ముక్కలు చేశాడు. ఫొటోలు తీసి రేడియో తరంగాల మీద పంపడం మింగే కెమెరా మాత్ర పని. పొట్టమీద అతికించిన యాంటెన్నాలతో వాటిని అందుకుని దాచడం నడుముకు కట్టిన పెట్టె పని. తీరిక దొరికినప్పుడు వాటిని సినిమాలా చూపించడం కంప్యూటర్ పని. రోగి ఆ రోజంతా ఆస్పత్రిలో పడుకోనక్కర్లేదు, తన పని తాను చూసుకోవచ్చు. ఈ ఏర్పాటుకు 1997లో అమెరికా పేటెంటు వచ్చింది. 1998లో గివెన్ ఇమేజింగ్ కంపెనీ పుట్టింది.

దాదాపు అదే సమయంలో లండన్‌లో పాల్ స్వెయిన్ అనే జీర్ణకోశ వైద్యుడు తన ఇంజనీరు మిత్రులతో కలిసి ఇదే పని ఇంకో దారిన చేస్తున్నాడు. వాళ్ల పరికరం పంది జీర్ణాశయం నుంచి తీగ లేకుండా బొమ్మలు పంపింది కూడా. పోటీ పడాల్సినవాళ్లు చేతులు కలిపారు. 1999లో తొలి కెమెరా మాత్రను, అంటే క్యాప్సూల్‌ను, స్వెయినే మింగాడు. కొత్త పరికరాన్ని ముందు తమ మీదే ప్రయోగించుకోవడం ఈ శాఖ వైద్యులకు ఆనవాయితీలాంటిది. 1957లో బాసిల్ హిర్షోవిట్జ్ తాను తయారుచేసిన ఫైబర్ గొట్టాన్ని రోగికి వేయకముందు తన గొంతులోకే దించుకున్నాడు. 2000లో ఇడాన్, స్వెయిన్, మరో ఇద్దరు కలిసి 'నేచర్' పత్రికలో చిన్న వ్యాసం ప్రచురించారు. మరుసటి ఏడు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి వచ్చింది.

ఇది గొట్టం కంటే నిజంగా మెరుగేనా అని తేల్చడానికి ఒక ముచ్చటైన పరీక్ష పెట్టారు. కుక్కల చిన్నపేగులో అక్కడక్కడా రంగు పూసలు కుట్టి, క్యాప్సూల్‌తోను, తోసే గొట్టంతోను విడివిడిగా వెతికించారు. గొట్టం పూసల్లో 37 శాతం పట్టుకుంటే క్యాప్సూల్ 64 శాతం పట్టుకుంది. గొట్టం చేరగలిగినంత మేరలో మాత్రం గొట్టానిదే పైచేయి. క్యాప్సూల్ గెలిచింది నిశిత దృష్టితో కాదు, దూరం పోగలిగి. తర్వాత మనుషుల్లో చేసిన తొలి అధ్యయనంలో, కారణం తెలియకుండా రక్తం పోతున్న 20 మందిలో క్యాప్సూల్ 11 మందికి ఆచూకీ చెప్పింది, గొట్టం ఆరుగురికి.

ఆ తొలితరం క్యాప్సూల్ పొడవు 26 మిల్లీమీటర్లు, మందం 11 మిల్లీమీటర్లు, బరువు నాలుగు గ్రాముల లోపు. పారదర్శకమైన గుండ్రటి మూతి, దాని వెనక లెన్సు, చుట్టూ ఆరు తెల్ల ఎల్‌ఈడీ దీపాలు, చిప్పు, రెండు గుండీ బ్యాటరీలు, ప్రసార యంత్రం, యాంటెన్నా. దీపాలు నిత్యం వెలగవు, ఫొటో తీసే క్షణంలోనే మెరిసి ఆరిపోతాయి, కరెంటు పొదుపు అక్కడే. సెకనుకు రెండు ఫొటోల చొప్పున ఎనిమిది గంటల్లో 57,600. నడపడానికి మోటారు లేదు, పేగు అన్నాన్ని ఎలా ముందుకు నెడుతుందో దీన్నీ అలాగే నెడుతుంది. ఇప్పటి క్యాప్సూళ్లు వేగం పెరిగినప్పుడు సెకనుకు ఆరు ఫొటోల దాకా తీస్తాయి, బ్యాటరీ కూడా ఎక్కువసేపు వస్తుంది. జపాన్, దక్షిణ కొరియా, చైనా కంపెనీలూ రంగంలోకి దిగాయి. అమెరికా కంపెనీ ఒకటి నాలుగు పక్కలా కెమెరాలు పెట్టి, ఫొటోలను మాత్రలోనే దాచే రకం తెచ్చింది. దాన్ని మలంలోంచి ఏరి వెనక్కి ఇవ్వాలి. మిగతావన్నీ ఒకసారి వాడి వదిలేసేవే. పదుల వేల రూపాయల వస్తువు మరుగుదొడ్లో కొట్టుకుపోతుంటే మధ్యతరగతి ప్రాణానికి చివుక్కుమనక మానదు.

రోగికి పెద్ద శ్రమ ఉండదు. ముందురోజు నుంచి పస్తు, పేగు శుభ్రం కావడానికి మందు కలిపిన నీళ్లు, నురగ తగ్గించే మందు. ఐరన్ మాత్రలు కొన్ని రోజుల ముందే మానేయాలి, లేకపోతే వాటి నలుపు గోడలకు అంటి అసలు సంగతిని కప్పేస్తుంది. గుక్కెడు నీళ్లతో క్యాప్సూల్ మింగాక రెండు గంటలకు ద్రవాలు, నాలుగు గంటలకు కాస్త తిండి. మత్తు లేదు, గాలి ఊదడం లేదు. గాలి ఊదకపోవడం వల్ల ఒక లాభం కూడా ఉంది. మామూలు ఎండోస్కోపీలో పేగు ఉబ్బి, గోడలు దూరం జరుగుతాయి. ఇక్కడ పేగు గోడ మూతికి తగిలీ తగలకుండా జారుతుంది. లోపలి పొర మీది సన్నని వేళ్లలాంటి నూగు కూడా ఒక్కొక్కటిగా కనిపిస్తుంది.

అసలు కష్టమంతా వైద్యుడిది. యాభై వేల పైచిలుకు ఫొటోలను వేగంగా తిప్పినా గంటకు పైగా రెప్పవాల్చకుండా కూర్చోవాలి. పేగు నడక నిలకడగా ఉండదు. ఒకచోట మాత్ర పది నిమిషాలు ఊగిసలాడుతుంది, ఇంకోచోట ఒక్క ఊపులో జానెడు దాటేస్తుంది. కొన్నిసార్లు వెనక్కి తిరిగి ప్రయాణిస్తుంది. రక్తం కార్చే మచ్చ మొత్తం సినిమాలో ఒకే ఒక్క ఫొటోలో పడవచ్చు. ఎంత తప్పిపోవచ్చో చెప్పడానికి ఒక కొలత ఉంది. ఆంత్రమూలంలో పిత్తం వచ్చిపడే చిన్న బొడిపె ప్రతి మనిషికీ ఉంటుంది. తొలితరం క్యాప్సూల్ దాన్ని పదిమందిలో ఇంచుమించు ఒకరిలోనే చూపించింది. అందుకే క్యాప్సూల్ రిపోర్టులో 'ఏమీ లేదు' అని వస్తే 'కనపడలేదు' అని చదువుకోవడం క్షేమం.

దీనికి తలకిందులైన ఇబ్బంది కూడా ఉంది. కనపడిందల్లా దొంగ కాదు. 2005లో వచ్చిన ఒక అధ్యయనంలో ఏ జబ్బూ లేని వాలంటీర్లకు క్యాప్సూల్ ఇస్తే, మందులేవీ మొదలుపెట్టకముందే వాళ్లలో దాదాపు 14 శాతం మంది చిన్నపేగులో ఏదో ఒక గీత, గాటు కనిపించాయి. అలాంటివాళ్లను పక్కన పెట్టి మిగతావాళ్ల మీద రెండు వారాలు అసలు ప్రయోగం జరిపారు. నాప్రోక్సెన్ అనే నొప్పి మాత్రను, జీర్ణాశయాన్ని కాపాడే ఒమిప్రజోల్‌తో కలిపి తీసుకున్నవాళ్లలో 55 శాతం మందికి చిన్నపేగులో గాట్లు పడ్డాయి. ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లలో 7 శాతం మందికే. మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో అడిగి నొప్పి మాత్ర తెచ్చుకుని, దానితో 'గ్యాస్ మాత్ర' వేసుకుంటే కడుపుకేమీ కాదని నమ్మేవాళ్లు మన వీధికి పదిమంది ఉంటారు. ఆ గ్యాస్ మాత్ర కాపాడేది జీర్ణాశయాన్ని, ఆంత్రమూలాన్ని. ఆ కిందిభాగానికి కాపలా లేదు. ఈ సంగతి చిన్నపేగు లోపల చూడగలిగే సాధనం వచ్చాకే కళ్లకు కట్టింది.

అరవై దాటినవాళ్లలో ఎక్కువగా బయటపడేది రక్తనాళాలు పలచబడి, అల్లుకుని ఏర్పడే ఎర్రమచ్చలు. కిడ్నీలు చెడినవాళ్లలో ఇవి మరీ ఎక్కువ. వయసులో ఉన్నవాళ్లలో పేగు గోడ వాచే క్రోన్స్ జబ్బు పుండ్లు, కణుతులు, పుట్టుకతో మిగిలిన మెకెల్ సంచి. మన దేశంలో పేగు క్షయను మర్చిపోకూడదు. దాని పుండూ క్రోన్స్ పుండూ ఫొటోలో ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. క్యాప్సూల్ ముక్క కోసి తేలేదు కాబట్టి ఆ తగువు అది తీర్చలేదు.

కొన్నిసార్లు తెరమీద పేగు గోడకు కరుచుకున్న సన్నని పురుగులు ప్రత్యక్షమవుతాయి. కొంకిపురుగులు. వీటిలో పెద్దజాతి పురుగు ఒక్కోటి రోజుకు ఇంచుమించు 0.2 మిల్లీలీటర్ల రక్తం లాగుతుంది. వంద పురుగులుంటే 20 మిల్లీలీటర్లు. ఇందాకటి ఇనుము లెక్కలో వేసి చూడండి. వట్టికాళ్లతో తడి మట్టిలో పనిచేసేవాళ్ల పాదాల చర్మంలోంచే ఈ పురుగుల పిల్లలు లోపలికి దూరతాయి. వాటికి మందు 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్, ఏటా నులిపురుగుల నివారణ దినం పేరుతో బడిపిల్లలకు పంచే మాత్రే. కొద్ది ఖర్చుతో అయ్యే మల పరీక్ష అడగకుండా క్యాప్సూల్ దాకా వెళ్లి పురుగును కనిపెట్టడం గొప్ప విజయంగా నాకు తోచదు.

ఎప్పుడు మింగించాలన్నది కూడా తేలిగ్గా తీసుకునేది కాదు. 2004లో ఇటలీలో వందమంది రోగుల మీద జరిగిన అధ్యయనం ఈ విషయంలో కళ్లు తెరిపించింది. రక్తం పోతుండగానే మింగినవాళ్లలో 92 శాతం మందికి కారణం దొరికింది. కంటికి కనపడకుండా కొద్దికొద్దిగా పోతున్నవాళ్లలో 44 శాతం. ఒకప్పుడు పోయి ఆగిపోయాక తీరిగ్గా వచ్చినవాళ్లలో 13 శాతమే. యూరప్ వైద్య సంఘం ఇప్పుడు 48 గంటల్లోపు మేలంటోంది. మన దగ్గర సాధారణంగా జరిగేది రక్తం ఎక్కించి, కోలుకున్నాక 'వచ్చే నెల చూద్దాం' అనడం.

క్యాప్సూల్ లోపలే ఇరుక్కుపోతే? ఇలా రక్తం పోతున్నవాళ్లలో నూటికి ఒకరిద్దరికి అది జరుగుతుంది, క్రోన్స్ రోగుల్లో ఇంకాస్త ఎక్కువ. సన్నబడిన చోట ఆగితే మందులతోనో, గొట్టంతోనో, ఆపరేషన్‌తోనో బయటికి తీయాలి. అనుమానం ఉన్నవాళ్లకు ముందు ఒక డమ్మీ మాత్ర ఇస్తారు. లాక్టోజ్, బేరియం కలిపి చేసిన ఆ మాత్ర దారి లేకపోతే సుమారు 30 గంటల తర్వాత దానంతటదే కరగడం మొదలవుతుంది. అసలు క్యాప్సూల్ బయటికి వచ్చేదాకా ఎంఆర్ఐ యంత్రం దరిదాపులకు వెళ్లకూడదు. చిత్రమేమిటంటే, ఇరుక్కున్న చోటే చాలాసార్లు జబ్బున్న చోటు. సర్జన్‌కు వెతుకులాట తప్పుతుంది.

వైద్యుడి కళ్ల అలసటకు ఇప్పుడు కృత్రిమ మేధ తోడొచ్చింది. 2019లో చైనాలో 77 ఆస్పత్రుల క్యాప్సూల్ ఫొటోలతో శిక్షణ ఇచ్చి పరీక్షించిన వ్యవస్థ సహాయంతో, ఒక రోగి ఫొటోలు చూడటానికి పట్టే సమయం సగటున 96.6 నిమిషాల నుంచి 5.9 నిమిషాలకు దిగింది. తప్పిపోయినవీ బాగా తగ్గాయి. యంత్రానికి విసుగు లేదు, ఓపీ ముగిశాక రాత్రి తొమ్మిదింటికి కూర్చున్నా నిద్ర రాదు. అది ఏరిపెట్టిన మచ్చల్లో ఏది నేరం చేసిందో తేల్చడం మాత్రం ఇంకా మనిషి పనే.

ఇంత చూసిన క్యాప్సూల్ చేసేది ఏమీ లేదు. కారుతున్న చోటును కాల్చలేదు, క్లిప్పు వేయలేదు. ఆచూకీ దొరికాక మళ్లీ గొట్టమే కావాలి, కాకపోతే కొత్తరకం గొట్టం. జపాన్ వైద్యుడు హిరోనొరి యమమోతో 2001లో దాన్ని ప్రకటించాడు. గొట్టం మొనకు ఒక బెలూను, దాని పైతొడుగుకు ఇంకోటి. ఒకటి ఉబ్బించి పేగు గోడను పట్టుకుని, రెండోది ముందుకు జరిపి, వెనక్కి లాగుతూ పోవాలి. లంగాకు బొందు ఎక్కించేటప్పుడు పిన్నీసు వెనక గుడ్డ కుచ్చులు కుచ్చులుగా ముడుచుకుంటుందే, అలా మీటర్ల పేగు గొట్టం మీద ముడుచుకుని కూర్చుంటుంది. నోటి నుంచి వెళ్లాలా, కింది నుంచి వెళ్లాలా అన్నది క్యాప్సూల్ ఇచ్చిన గడియారం లెక్కను బట్టి నిర్ణయిస్తారు. ఆంత్రమూలం దాటిన ఎంతసేపటికి ఆ మచ్చ కనపడిందో చూసి, దారిలో మొదటి భాగంలో ఉంటే పైనుంచి, చివర్లో ఉంటే కిందినుంచి.

కాల్చినా ఎర్రమచ్చల రోగుల్లో చాలామందికి మళ్లీ రక్తం పోతుంది. కొత్త మచ్చలు పుడుతూనే ఉంటాయి. అలాంటివాళ్లలో కొందరి జబ్బు మూలం పేగులో ఉండదు. 1958లో ఎడ్వర్డ్ హేడ్ అనే అమెరికన్ వైద్యుడు ఒక వైద్యపత్రికకు చిన్న ఉత్తరం రాశాడు. గుండె నుంచి రక్తం బయటికొచ్చే బృహద్ధమని కవాటం గట్టిపడి సన్నబడిన వృద్ధుల్లో కారణం తెలియని పేగు రక్తస్రావం తరచూ చూస్తున్నానని. పొంతన ఏమిటో చాలాకాలం అంతుపట్టలేదు. తర్వాత తేలింది ఇది. రక్తం గడ్డకట్టడంలో సాయపడే వాన్ విల్లీబ్రాండ్ అనే పొడవాటి ప్రోటీను, ఇరుకైన కవాటంలోంచి వేగంగా దూసుకెళ్లేటప్పుడు ఆ ఒత్తిడికి సాగి విప్పుకుంటుంది. అలా విప్పుకున్నదాన్ని రక్తంలోని ఎంజైము ముక్కలు చేస్తుంది. ముక్కలైన ప్రోటీను పేగులోని బలహీనమైన నాళాల దగ్గర రక్తాన్ని ఆపలేదు. కవాటం మార్చాక ఆ ప్రోటీను కొద్దిరోజుల్లోనే మళ్లీ పూర్తి పొడవుకు చేరుతుంది, చాలామందిలో పేగు రక్తస్రావం కూడా ఆగిపోతుంది. అందుకే క్యాప్సూల్ రిపోర్టులో ఎర్రమచ్చలు కనిపించిన వృద్ధుడికి, ఇంకో గొట్టం వేసేముందు ఒకసారి గుండె స్కానింగ్ కూడా చేయించి చూస్తారు.